పాత డెస్క్‌టాప్: ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు, బీప్ రాదు (జీ41 బోర్డు)

#1 పాతపెట్టె

అందరికీ నమస్తే. అసెంబుల్డ్ సిస్టమ్, వివరాలు ఇవి: ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డు, కోర్ 2 డుయో ఈ7500, డీడీఆర్3 2 జీబీ ర్యామ్ ఒకటే, 500 జీబీ సాటా హార్డ్ డిస్క్, డీవీడీ రైటర్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా). గ్రాఫిక్స్ కార్డు లేదు, ఆన్‌బోర్డ్ వీజీఏనే. విండోస్ 7.

సమస్య: పొద్దున్నే బటన్ నొక్కితే సీపీయూ ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ రెండూ తిరుగుతాయి. మానిటర్‌లో నో సిగ్నల్. కీబోర్డు లైట్లు వెలగవు. బీప్ లేదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తూ పోతే ఎప్పటికో లేస్తుంది. లేచాక సాయంత్రం దాకా ఏ గొడవా లేదు, రీస్టార్ట్ కొట్టినా చక్కగా వస్తుంది. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేస్తే మర్నాడు మళ్లీ అదే పాట.

షాపులో మదర్ బోర్డు పోయిందన్నారు. డిస్కులో ట్యాలీ డేటా, ఫోటోలు ఉన్నాయి. బోర్డు మార్చే ముందు చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

#2 సీటీసీ_గల్లీ

ముందుగాల ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొడి దులిపి, మళ్లా బిగించున్రి. స్లాట్ కూడా మార్చి చూడున్రి. పాత బోర్డులల్ల సగం సంగతి ఆడ్నే తేలిపోతది.

#3 మల్టీమీటర్

ర్యామ్ శుభ్రం చేస్తే నష్టం లేదు, చేయండి. కానీ ఈ కేసులో తప్పు అక్కడ ఉంటుందనుకోను. లక్షణం ఒకసారి జాగ్రత్తగా చదవండి: చల్లగా ఉంటే లేవదు, ఒకసారి వేడెక్కితే రోజంతా నడుస్తుంది, రీస్టార్ట్‌లో ఇబ్బంది లేదు. ర్యామ్ కాంటాక్టు లోపం టైం చూసుకుని రాదు. రీస్టార్ట్‌లోనూ వస్తుంది, పని మధ్యలో బ్లూ స్క్రీన్ కూడా ఇస్తుంది.

చల్లగా ఉన్నప్పుడే మొండికేసేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రవం ఆరిపోతుంది, దాంతో వాటి లోపలి నిరోధం, అంటే ఈఎస్‌ఆర్, పెరుగుతుంది. చలికి ఇంకా పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. మీరు ఆన్, ఆఫ్, ఆన్ అంటూ కొట్టిన ప్రతిసారీ ఆ కెపాసిటర్లు కాస్త కాస్త వేడెక్కుతున్నాయి, అందుకే ఎప్పటికో లేస్తోంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటి. రాత్రి విండోస్ షట్‌డౌన్ చేయండి కానీ గోడ స్విచ్ కట్టేయకండి. ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై భాగం రాత్రంతా నడుస్తుంది, కాస్త వేడి ఉంటుంది. పొద్దున ఒక్క నొక్కుకే లేస్తే అనుమానం చాలావరకు ఎస్‌ఎంపీఎస్ మీదికే పోతుంది. బోర్డు కెపాసిటర్లకు కూడా ఇదే గుణం ఉంటుంది కాబట్టి దీన్నిబట్టే తీర్పు చెప్పేయకూడదు. మీటరు పెట్టాల్సిందే.

#4 పసుపు_వైరు

ఇంకా ముందు చేయాల్సినవి చెప్పనేలేదు. యూపీఎస్, స్పైక్ బస్టర్ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. బ్యాటరీ పోయిన యూపీఎస్, స్టార్టింగ్ లోడ్ పడగానే వోల్టేజీ జారవిడుస్తుంది. సీపీయూ పక్కన నాలుగు పిన్నుల ప్లగ్గు, అంటే రెండు పసుపు, రెండు నలుపు వైర్లది, ఊడదీసి గట్టిగా పెట్టండి. అది వదులైతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి కానీ ప్రాసెసర్‌కి కరెంటు అందదు, మీ లక్షణమే వస్తుంది.

మానిటర్ వీజీఏ కేబుల్‌ని క్యాబినెట్ వైపు తీసేయండి. చెక్ సిగ్నల్ కేబుల్ లాంటి మాటలు తెరమీద తేలితే మానిటర్ బతికే ఉన్నట్టు.

#5 పాతపెట్టె

గోడ సాకెట్‌కి నేరుగా పెట్టినా అదే. నాలుగు పిన్నులది ఊడదీసి బిగించాను. ర్యామ్ రుద్ది రెండో స్లాట్‌లో పెట్టాను. మార్పు లేదు. మానిటర్ బాగుంది. స్విచ్ కట్టేయకుండా వదిలేసిన రాత్రి తర్వాత మాత్రం ఒక్క నొక్కుకే లేచింది!

ఇంట్లో మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది. ఎక్కడ పెట్టి ఏం చూడాలో చెప్పండి సర్.

#6 మల్టీమీటర్

అయితే దారిలోనే ఉన్నాం.

మీటరు డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. నల్ల ప్రోబ్ ఖాళీగా వేలాడే హార్డ్ డిస్క్ పవర్ ప్లగ్గులో నల్ల వైరు రంధ్రంలో దూర్చి వదిలేయండి, ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. 24 పిన్నుల పెద్ద ప్లగ్గు బోర్డుకి పెట్టే ఉంచి, ఎర్ర ప్రోబ్ మొనని వెనకవైపు నుంచి, వైరు ప్లగ్గులోకి దిగే చోట, లోహం తగిలేదాకా దింపాలి. ప్రోబ్ జారి పక్క వైరు లోహాన్ని కూడా తాకకూడదు. మొన లావుగా ఉంటే దానికి సన్నని గుండుసూది కట్టుకోండి.

రాత్రంతా మెయిన్ కట్టేసి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి ప్రయత్నంలోనే చూడాలి. వేడెక్కాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మెయిన్ వేసి, బటన్ నొక్కకముందు:
ఊదా వైరు 5 వోల్టుల స్టాండ్‌బై. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి.
ఆకుపచ్చ వైరు సుమారు 3 నుంచి 5 వోల్టులు. బటన్ నొక్కగానే సున్నాకి పడాలి. పడిందంటే బటన్, బోర్డు స్టార్ట్ సర్క్యూట్ పనిచేస్తున్నట్టే.

బటన్ నొక్కి, ఫ్యాన్ తిరుగుతుండగా:
పసుపు 11.4 నుంచి 12.6.
ఎరుపు 4.75 నుంచి 5.25.
నారింజ 3.14 నుంచి 3.47.
బూడిద రంగు: ఇదే అసలైనది. దీన్ని పవర్ గుడ్ అంటారు. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ ఈ వైరు మీద సుమారు 5 వోల్టులు పంపుతుంది, మామూలుగా అర సెకను లోపే. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. ఫ్యాన్‌కి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు, 12 వోల్టుల లైనులో ఎంత వస్తే అంతతో తిరిగేస్తుంది. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుంది అని షాపుల్లో తేల్చేయడం అందుకే తప్పు.

#7 బీప్‌కోడ్

మీటరు పెట్టే లోపు ఇంకో పని. ఈ క్యాబినెట్లలో చాలావాటికి స్పీకరే ఉండదు, బీప్ రాలేదంటే అర్థం ఏమీ లేదు. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు చిన్న బజర్ పెట్టండి, కంప్యూటర్ షాపుల్లో చాలా చవకగా దొరుకుతుంది. పెట్టాక ర్యామ్ పూర్తిగా తీసేసి ఆన్ చేయండి. బీప్ మోగితే ప్రాసెసర్, బయోస్ (ఆన్ చేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాం), బోర్డు బతికున్నట్టు, మెమరీ లేదని అరుస్తున్నట్టు. ర్యామ్ లేకపోయినా నోరు విప్పకపోతే తప్పు ర్యామ్ కంటే ముందు మెట్టులో ఉంది: పవర్, ప్రాసెసర్, బయోస్ చిప్పు, బోర్డు.

అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు రెండు పొట్టి బీపులు వీడియోకి, ఆగకుండా వచ్చే పొడుగు బీపులు మెమరీకి. ఏఎంఐలో మూడు పొట్టివి మెమరీకి, ఎనిమిది వీడియోకి, అయిదు ప్రాసెసర్‌కి. బోర్డు కంపెనీని బట్టి మారతాయి, మాన్యువల్ ఉంటే అదే ప్రమాణం.

#8 టంకం_పొగ

మూత తీసినప్పుడు టార్చి వేసి ప్రాసెసర్ చుట్టూ, ర్యామ్ స్లాట్ల పక్కన ఉన్న కెపాసిటర్ల నెత్తి చూడండి. బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు పొక్కు కట్టినా, కింది రబ్బరు నుంచి కారి ఒక పక్కకు ఒరిగినా పోయినట్టే. పక్కదానితో పోల్చి చూస్తే బాగా తెలుస్తుంది. గోరుతో మెల్లగా తడిమినా చాలు.

ఒక మెలిక ఉంది. కెపాసిటర్ పాదం చుట్టూ గట్టిపడిన పసుపు జిగురు ఉంటే అది కారిన ద్రవం కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన గమ్. దాన్ని చూసి కంగారుపడొద్దు.

#9 పాతపెట్టె

బోర్డు మీద ఉబ్బినవి ఏమీ లేవు, అన్నీ చదునుగానే ఉన్నాయి. బజర్ పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు ర్యామ్ తీసి ఆన్ చేస్తే నిశ్శబ్దం. లేచి కాసేపు నడిచాక ఆపి, ర్యామ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పొడుగు బీపులు వస్తున్నాయి.

పొద్దున మొదటి ప్రయత్నంలో రీడింగులు:
ఊదా 5.06
ఆకుపచ్చ 4.9, నొక్కగానే 0.1
పసుపు 10.9
ఎరుపు 4.58
నారింజ 3.27
బూడిద 0.2, అక్కడే ఉండిపోయింది

లేచాక: పసుపు 11.8, ఎరుపు 4.97, బూడిద 4.9.

#10 మల్టీమీటర్

ఇంతకంటే స్పష్టంగా ఏ కేసూ ఉండదు. పసుపు 11.4 కంటే కింద, ఎరుపు 4.75 కంటే కింద, బూడిద లేవలేదు. ప్రాసెసర్ రీసెట్‌లో కూర్చుని ఉంది, అందుకే బీప్ కూడా లేదు. వేడెక్కాక అదే బోర్డు ర్యామ్ లేదని బీపు కొట్టిందంటే బోర్డు, ప్రాసెసర్, బయోస్ మూడూ పనిచేస్తున్నాయి. బోర్డు మార్చకండి. ఎస్‌ఎంపీఎస్ మార్చండి.

స్నేహితుల ఇంట్లో పనిచేసే ఎస్‌ఎంపీఎస్ ఉంటే పొద్దున చల్లగా ఉన్నప్పుడే దాన్ని తగిలించి చూడండి. విప్పి బిగించక్కర్లేదు, పక్కన బల్లమీద పెట్టి 24 పిన్నులది, నాలుగు పిన్నులది, హార్డ్ డిస్క్‌ది మాత్రం పెడితే చాలు. ఒక్క నొక్కుకే లేస్తే అయిపోయింది.

#11 సీటీసీ_గల్లీ

పేపర్ క్లిప్ పెట్టి ఆకుపచ్చ, నలుపు కలిపితే ఫ్యాన్ తిరిగిందంటే ఎస్‌ఎంపీఎస్ మంచిదే కదా అన్నా? మా దిక్కు అందరు గట్లనే చూస్తరు.

#12 మల్టీమీటర్

ఆ క్లిప్ పరీక్షతో పూర్తిగా చచ్చిన ఎస్‌ఎంపీఎస్ మాత్రమే దొరుకుతుంది తమ్ముడూ. లోడు లేకుండా తిరగడం వేరు, లోడు మోయడం వేరు. ఖాళీ బస్సు ఘాట్ రోడ్డు ఎక్కినట్టు. ఈయన ఎస్‌ఎంపీఎస్ క్లిప్ పరీక్షలో హాయిగా పాసవుతుంది. పైగా కొన్ని పాత యూనిట్లు లోడు లేకపోతే స్టార్టే కావు, బాగున్నదాన్ని పోయిందనుకుంటాం. చేయాలంటే కనీసం పాత హార్డ్ డిస్కో, డీవీడీ డ్రైవో తగిలించి చేయాలి. అప్పుడు కూడా మీటరు పెట్టి చూడాలి, ఫ్యాన్ చూసి కాదు.

ఇంకోటి, మీటరులో సరైన వోల్టు కనిపించినా రిపుల్, అంటే ఆ డీసీ మీద మిగిలిపోయే సన్నని హెచ్చుతగ్గులు, ఎక్కువ ఉండొచ్చు. ఏటీఎక్స్ ప్రమాణంలో 12 వోల్టుల లైనుకి 120 మిల్లీవోల్టులు, 5, 3.3 లైన్లకు 50 మిల్లీవోల్టులే హద్దు. మామూలు మీటరు దాన్ని పట్టలేదు, ఆసిల్లోస్కోప్ కావాలి. అందుకే చివరి పరీక్ష ఎప్పుడూ మార్చి చూడటమే.

#13 టంకం_పొగ

పాతదాన్ని పారేయాల్సిన పని లేదు. ఇలాంటివాటిలో పోయేవి సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టులు బయటికిచ్చే వైపు, నాలుగైదు కెపాసిటర్లు. 12 వోల్టుల లైనుకి 16 వోల్టులవి, 5 లైనుకి 10 వోల్టులవి, 1000 లేదా 2200 మైక్రోఫారడ్. ఉన్న విలువే వేయాలి, వోల్టు ఎక్కువైనా పరవాలేదు, తక్కువ కాకూడదు. 105 డిగ్రీలు, లో ఈఎస్‌ఆర్ అని అడిగి తీసుకోవాలి, మామూలు 85 డిగ్రీలవి వేస్తే కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఎత్తు, వ్యాసం కూడా కొలుచుకుని వెళ్లండి, లోపల హీట్ సింక్‌ల మధ్య చోటు తక్కువ. చారలున్న వైపు మైనస్. తిరగేసి పెడితే పేలుతుంది.

#14 పసుపు_వైరు

టంకం_పొగ గారూ, మీరు చేయగలరు, అందరికీ చెప్పకండి. ప్రైమరీ వైపు, అంటే మెయిన్ కరెంటు వచ్చే వైపు, పెద్ద కెపాసిటర్లలో 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్గు పీకినా, డిశ్చార్జి రెసిస్టర్ పోయి ఉంటే చాలాసేపు అలాగే ఉంటుంది. చేయి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. అలవాటు లేనివాళ్లు ఎస్‌ఎంపీఎస్ మూత తీయకూడదు, అంతే.

#15 టంకం_పొగ

ఒప్పుకుంటా, టంకం పని తెలిసినవాళ్లకే. తెలిసినవాళ్లు కూడా స్క్రూడ్రైవర్‌తో టపీమని షార్ట్ చేయకండి, లోపలి బోర్డు మీది రాగి పట్టాలు లేచిపోతాయి. 2.2 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న వైర్లతో పట్టుకుని కొన్ని సెకన్లు ఆనించి, మీటరులో 10 వోల్టుల లోపు చూశాకే చేయి పెట్టాలి.

పాత వాటిలో వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది, పిల్లలు గీకుతుంటారు. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే ఢామ్మని పోతుంది. కొత్తగా తెచ్చిన పాత యూనిట్‌కి ప్లగ్గు పెట్టే ముందు అదొకటి చూసుకోండి.

#16 పాతపెట్టె

మూత తీయను. కొత్తదే కొంటాను. ఎన్ని వాట్లు?

#17 మల్టీమీటర్

ఈ7500 ప్రాసెసర్ 65 వాట్లది, గ్రాఫిక్స్ కార్డు లేదు. మొత్తం సిస్టమ్ 100 వాట్ల చుట్టుపక్కలే లాగుతుంది. నిజమైన 300 వాట్లు ఉంటే దండిగా సరిపోతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల 450, 500 చూడకండి. పక్కన స్టిక్కర్ మీద 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లు రాశాడో చూసి 12తో హెచ్చించండి. 500 వాట్లని చెప్పి 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు రాసి ఉంటే, అది 168 వాట్లే. 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్న చిన్న యూనిట్ ఈ సిస్టమ్‌కి మేలు. చేతిలో పట్టుకుని బరువు కూడా చూడండి, మరీ తేలికగా ఉంటే లోపల ఫిల్టర్ భాగాలు ఎగ్గొట్టినట్టే.

24 పిన్నులది, సీపీయూ నాలుగు పిన్నులది, రెండు సాటా ప్లగ్గులు ఉంటే మీకు చాలు. కంపెనీ బ్రాండెడ్ చిన్న డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లు మాత్రం పాతది చేత్తో పట్టుకెళ్లండి. సైజు వేరు, కొన్నింటికి ప్లగ్గే వేరు.

#18 ల్యాబ్_టీచర్

నమస్తే. స్కూలు ల్యాబ్‌లో హెచ్61 బోర్డు, ఐ3-2120 సిస్టమ్. బటన్ నొక్కితే ఫ్యాన్ సగం చుట్టు తిరిగి టక్కున ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే ఏమీ ఉండదు. ప్లగ్గు పీకి కాసేపాగి పెడితే మళ్లీ సగం చుట్టు. ఇది కూడా ఎస్‌ఎంపీఎస్సేనా?

#19 పసుపు_వైరు

మేడమ్, ఇది వేరే కథ. ఎస్‌ఎంపీఎస్ ఎక్కడో షార్ట్ చూసి తనని తాను మూసేసుకుంటోంది, ప్లగ్గు పీకి పెట్టేదాకా లాక్ అయిపోతుంది. షార్ట్ ఎక్కడుందో వెతకాలి.

ప్లగ్గు పీకి, బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఉన్న ఛార్జి పోగొట్టండి. తర్వాత హార్డ్ డిస్క్, డీవీడీ పవర్ ప్లగ్గులు, ముందువైపు యూఎస్‌బీ వైరు, ముందువైపు ఆడియో వైరు, ర్యామ్ అన్నీ తీసేయండి. బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే మిగలాలి. ఇప్పుడు ఫ్యాన్ ఆగకుండా తిరిగితే తీసినవాటిలో ఒకటి దొంగ. ఒక్కొక్కటే పెడుతూ రండి, ప్రతిసారీ ప్లగ్గు పీకాకే.

స్కూలు ల్యాబుల్లో మొదటి అనుమానం ముందువైపు యూఎస్‌బీ పోర్టు మీదే. పెన్‌డ్రైవ్ తిరగేసి బలంగా తోస్తే లోపలి నల్ల ప్లాస్టిక్ నాలుక విరిగి, పిన్నులు వంగి బయటి లోహపు గోడకి తగులుతాయి. 5 వోల్టులు నేరుగా బాడీకి షార్ట్. టార్చి వేసి లోపలికి చూడండి.

అన్నీ తీసినా ఆగిపోతుంటే సీపీయూ నాలుగు పిన్నులది కూడా తీసి చూడండి. అప్పుడు తిరిగితే ప్రాసెసర్ దగ్గరి మాస్‌ఫెట్ (దానికి కరెంటును ఆన్, ఆఫ్ చేసి అందించే భాగం) షార్ట్ అయ్యుండొచ్చు. ప్లగ్గు పీకి, మీటరు ఓమ్స్‌లో పెట్టి, బోర్డు మీది ఆ నాలుగు పిన్నుల సాకెట్‌లో పసుపు వచ్చే చోటికీ నలుపు వచ్చే చోటికీ మధ్య కొలవండి. ఒకటి రెండు ఓమ్‌లే ఉంటే బోర్డు రిపేరుకి. అది కూడా కాకపోతే బోర్డు విప్పి, కింద అక్కర్లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న కాలు) గానీ, జారిపడ్డ స్క్రూ గానీ ఉందేమో చూడాలి.

#20 ల్యాబ్_టీచర్

ముందు యూఎస్‌బీ వైరు తీయగానే ఫ్యాన్ ఆగకుండా తిరిగింది. కింది పోర్టులో నాలుక లేదు, పిన్నులు ఒక పక్కకి వంగి ఉన్నాయి. ఆ వైరు వదిలేశాం.

కానీ ఈ వెతుకులాటలో మా దగ్గరి టెక్నీషియన్ సీమోస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) కూడా జంపర్‌తో క్లియర్ చేశాడు. ఇప్పుడు విండోస్ 7 లోగో వచ్చి, ఒక్క క్షణం నీలం తెర, మళ్లీ రీస్టార్ట్. నీలం తెర మీద చివర్లో 7బీ అని ఉంది. విండోస్ మళ్లీ వేయాలంటున్నాడు.

#21 బీప్‌కోడ్

వేయొద్దు మేడమ్! 7బీ అంటే విండోస్‌కి బూట్ డిస్క్ అందలేదని. సీమోస్ క్లియర్ చేయగానే బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి పోయింది, అందులో సాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి (ఏహెచ్‌సీఐ లేదా ఐడీఈ), మారిపోయింది. బయోస్‌లోకి వెళ్లి (ఎక్కువ బోర్డులకు డిలీట్ కీ, కొన్నింటికి ఎఫ్2) సాటా కాన్ఫిగరేషన్‌లో ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈ చేయండి, ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐ చేయండి. ఎఫ్10 కొట్టి సేవ్. విండోస్ వేసినప్పుడు ఏ మోడ్ ఉందో అదే ఇప్పుడూ ఉండాలి, అంతే సంగతి.

ల్యాబ్ మొత్తానికి ఏహెచ్‌సీఐ కావాలనుకుంటే, ముందు పాత మోడ్‌లో విండోస్ 7 లేపి, రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ కింద ఎంఎస్ఏహెచ్‌సీఐ దగ్గర స్టార్ట్ విలువ 0 చేసి, ఆ తర్వాతే బయోస్‌లో మార్చాలి. విండోస్ 10లో అయితే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేస్తే కుదురుకుంటుంది.

ఇకమీదట సీమోస్ క్లియర్ చేసే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టమనండి.

#22 ల్యాబ్_టీచర్

ఐడీఈ చేయగానే లేచింది. ధన్యవాదాలండీ.

#23 పాతపెట్టె

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాను. మెయిన్ కట్టేసిన రాత్రి తర్వాత కూడా ఒక్క నొక్కుకే లేస్తోంది. చల్లగా ఉన్నప్పుడు పసుపు 12.1, ఎరుపు 5.03, బూడిద వెంటనే 5.

ఇప్పుడు మిగిలింది ఒకటి: మెయిన్ కట్టేసి వేస్తే సీమోస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చి ఎఫ్1 నొక్కమంటోంది. తేదీ వెనక్కి పోతోంది. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది.

#24 సీటీసీ_గల్లీ

బ్యాటరీ ఖతం. సీఆర్2032, నాణెమంత ఉంటది. పాతది మీటరుల 2.8 కంటే కిందుంటే మార్చేయున్రి. కొత్తది కొనేటప్పుడు ఆడ్నే కొలిపించున్రి, 3 వోల్టుల పైన చూపాలె. ప్లస్ గుర్తున్న మొకం పైకి. క్లిప్‌ని పక్కకు నొక్కితే అదే ఎగురుతది, స్క్రూడ్రైవర్‌తోని పీకి బోర్డు గీకకున్రి.

సైట్ల సంగతి కూడ దాంతోనే పోతది. తేదీ తప్పైతే సైటు సర్టిఫికెట్ గడువు కలవదు, గందుకే బ్రౌజర్ ఒప్పుకోదు. తేదీ, టైం సరిచేస్తే అయిపాయె.

#25 బీప్‌కోడ్

డేటా సంగతి ఎవరూ ఎత్తలేదు. తక్కువ వోల్టులో ఇన్నాళ్లు ఆన్, ఆఫ్ తిన్న హార్డ్ డిస్క్ అది. అన్నిటికంటే ముందు ట్యాలీ ఫోల్డరు, ఫోటోలు బయటి డిస్కుకి కాపీ చేసుకోండి. చెక్‌డిస్క్ ఆ తర్వాతే. డిస్కు పాడయ్యే స్థితిలో ఉంటే చెక్‌డిస్క్ రిపేరు చేయబోయి ఉన్నది కూడా చిందరవందర చేస్తుంది.

కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిచి 05, సీ5 వరసలు చూడండి. 05 అంటే చెడి, పక్కకు మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవడానికి మొరాయించి వరసలో నిలబడ్డవి. ఆ ప్రోగ్రాం విలువలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, 10 అని ఉంటే 16 అని అర్థం. సీ5 సున్నా కాకపోతే, రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్కు మీద ట్యాలీ పెట్టుకోవద్దు.

#26 పాతపెట్టె

కాపీ తీసుకున్నాను. 05 సున్నా, సీ5 సున్నా. బ్యాటరీ మార్చాక ఎఫ్1 గొడవ పోయింది. ఎలాగూ విప్పాను కదా, 4 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేద్దామనుకుంటున్నా. పనికొస్తాయా?

#27 టంకం_పొగ

ర్యామ్ దగ్గర జాగ్రత్త. జీ41 చిప్‌సెట్ ఒక్కో మెమరీ చిప్పు 2 గిగాబిట్ల దాకానే గుర్తిస్తుంది. 4 జీబీ స్టిక్ అయితే రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 చిప్పులు ఉన్నదే కావాలి. ఇప్పుడు మార్కెట్లో దొరికే 4 జీబీ స్టిక్కులు చాలావాటికి 8 చిప్పులే, పెట్టారంటే మళ్లీ డిస్‌ప్లే రాదు, మీరు మళ్లీ ఎస్‌ఎంపీఎస్ మీద పడతారు. లెక్కపెట్టుకుని కొనండి, మార్చి ఇస్తారా అని ముందే అడగండి. తేలికైన దారి: ఇంకో 2 జీబీ వేసి రెండూ కలిపి 4 చేసుకోవడం.

ఎస్‌ఎస్‌డీ తప్పకుండా. మీ బోర్డు సాటా 3 గిగాబిట్లది కాబట్టి డబ్బా మీద రాసిన వేగంలో సగం లోపే వస్తుంది, అయినా హార్డ్ డిస్క్ నుంచి వచ్చినవారికి తేడా బూట్‌లోనే తెలుస్తుంది. ఖరీదైనది కొనడం దండగ.

#28 బీప్‌కోడ్

విండోస్ 7కి 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆగాయి, 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 24హెచ్2 కోర్ 2 డుయో మీద అసలు బూటే కాదు, అది అడిగే పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ ఈ ప్రాసెసర్‌లో లేదు. అడ్డదారులు వెతకొద్దు. నెట్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, 2 జీబీలో లేస్తుంది, 4 ఉంటే సుఖం. ట్యాలీ కోసం విండోస్ 7 ఉంచుకోవాలంటే ఆ వైపు నెట్ కేబుల్ పీకి వాడండి.

#29 పాతపెట్టె

అర్థమైంది. చివరిది ఒకటి: కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక క్యాబినెట్ వెనక స్క్రూ తాకితే చెయ్యి జివ్వుమంటోంది. కొత్తది కూడా చెడ్డదేనా?

#30 పసుపు_వైరు

కాదు, మీ సాకెట్‌లో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద సప్లైలో సగం, దాదాపు 115 వోల్టులు తేలుతుంది, చెయ్యి పెట్టగానే జివ్వుమంటుంది. మీ పాత దానిలో ఆ కెపాసిటర్లే వేయలేదేమో, అందుకే తెలియలేదు.

మీటరు ఏసీ 750 రేంజిలో పెట్టి సాకెట్‌లో కొలవండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వస్తే, ఫేజ్‌కీ పైనున్న పెద్ద రంధ్రానికీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజ్, ఎర్త్ మధ్య చాలా తక్కువ వచ్చినా, అంకెలు నిలకడ లేకుండా తేలుతున్నా ఎర్త్ వైరు తెగిందనో, అసలు లాగలేదనో అర్థం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ నుంచి ఎర్త్ పిట్ దాకా చూపించండి. ఎర్త్ పిన్ను న్యూట్రల్‌కి లింకు కొట్టేస్తా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్ మొత్తానికి ఫేజ్ వచ్చేస్తుంది. అది సరిచేసేదాకా మానిటర్ కేబుల్, యూఎస్‌బీ ప్రింటర్ లాంటివి ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం చేయకండి, పోర్టులు పోతాయి.